ఆరు సెకన్ల బెదిరింపులు

జనవరి 14

కేంద్రంలో చూసిందీ విన్నదీ బయట చెప్పనని ఇవాళ సంతకం పెట్టించుకున్నారు. నోటుపుస్తకంలో రాయకూడదని మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను.

మా ఊరు లావ్రాలో పాత పత్తి గోదాముకి సున్నం కొట్టి, ఏసీలు బిగించి, మన జెండా పక్కన ఇంకో నాలుగు దేశాల జెండాలు ఎగరేసి, దానికి కేంద్రం అని పేరు పెట్టారు. మొత్తం పద్నాలుగు మందిమి ఎంపికయ్యాం. ప్రారంభోత్సవంలో ఒకాయన, ఆఫ్రికా మెషీన్లకి ఆఫ్రికా పిల్లలే మాటలు నేర్పాలన్నాడు. చప్పట్లు కొట్టాను. మొహమాటానికి కాదు, నిజంగానే కొట్టాను. డిగ్రీ చేతికొచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళూ అమ్మ పీటో కుండల దగ్గర కూర్చుని జొన్నకల్లు మీద నురగ తీసి పారబోయడం తప్ప నేను చేసిందేమీ లేదు.

పని ఇదీ. నది అవతల దేశంలో ఊళ్ళు తగలబడుతున్నాయి. ఆ మంట మన వైపు రాకముందే పసిగట్టాలట. రేడియోకి ఫోన్ చేసి మాట్లాడేవాళ్ళ మాటలు మెషీన్ వింటుంది. దానికి మా దగాబాల భాష దగారే రాదు, పక్క తెగ ఫ్రాఫ్రాల భాష గురెనె రాదు. మేం నేర్పాలి. జనం మాటల్ని ఆరేసి సెకన్ల ముక్కలుగా కోసి మా ముందు పెడతారు. ఒక్కో ముక్క విని మూడు గళ్ళలో ఒకదాంట్లో గుర్తు పెట్టాలి: మామూలు, కోపం, బెదిరింపు. ఇద్దరు ఒకే గడిలో పెడితేనే ఆ ముక్క చెల్లుతుంది.

సెప్టెంబరులో ముగ్గుర్ని ఏడాది చదువుకి ఆ దేశాలకి పంపుతారు. ఆ ముగ్గురిలో నేనుండాలి. దీని మీద ఇంకేం రాయక్కర్లేదు.

జనవరి 15

నా జోడీగా వేసిన అమ్మాయి పేరు లమీసీ. ఫ్రాఫ్రా. మధ్యాహ్నం నా గిన్నె మూత తీసి వాసన చూసింది.

"ఇదేంటే, సంకటా, గోడకి పూసే మట్టా? దగాబాలకి వంట రాదని మా నానమ్మ అంటే నమ్మలేదు."

"మీ తాతలు మా కుక్క తల ఎత్తుకుపోయిన రోజునే మాకు వంట మీద మనసు విరిగిపోయింది. ముందు ఆ తల తిరిగి ఇవ్వు."

"తలేం ఖర్మ, నిన్నే ఎత్తుకుపోయి మా తాతకి నాలుగో పెళ్ళాంగా కడతాను. చచ్చేదాకా గొర్రెపేడ ఎత్తుదువుగాని."

మా కేంద్రం పెద్ద అసియెడు గారు అద్దాల గదిలోంచి పరుగున వచ్చి ఇద్దరి కుర్చీలూ దూరంగా జరిపేశాడు. దక్షిణాది మనిషి, పాపం. ఫ్రాఫ్రాలదీ మాదీ పరాచికాల చుట్టరికమనీ, ఎప్పుడో పోయిన కుక్క తలకి నువ్వు దొంగంటే నువ్వు దొంగని అనుకుంటామనీ, ఎదురుపడి తిట్టుకోకుండా పోతేనే కోపమొచ్చిందనుకుంటామనీ చెప్పాను. ఆయన తలూపి, "ఆఫీసులో వద్దు" అన్నాడు. లమీసీ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

జనవరి 30

బెదిరింపులు దొరకడం లేదు. ఏప్రిల్ లోగా రెండు వేల ముక్కలు కావాలి. ఇప్పటికి వచ్చినవి డెబ్బై మూడు. అందులో సగం ఒకే ముసలాయన తన గాడిదని బెదిరించినవి.

"మీ ఊరివాళ్ళు ఇంత మర్యాదస్తులా? ఎవరూ ఎవర్నీ చంపుతాననరా?" అన్నాడు అసియెడు గారు. నవ్వుతూనే అన్నాడు గానీ చొక్కా చంకల్లో తడిసి ఉంది.

నాలుగు దేశాల తరఫున మాట్లాడే బ్రిగిట్ తెర మీద కనిపించింది. చాలా మెత్తగా మాట్లాడుతుంది. సంఖ్య రాకపోతే మీ రెండు భాషల్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టి పెద్ద భాషలతో ముందుకి వెళ్తామని చెప్పింది. పక్కన పెట్టడం. ఆ మాట ఆమె నోట్లో ఎంత తేలిగ్గా కరిగిపోయిందో.

ఫిబ్రవరి 6

ఇవాళ సంతరోజు. మా పీటో బల్లలన్నీ నిండిపోయాయి. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే అయామ్గా మామ ఎప్పట్లాగే మూలబల్ల మీద కూర్చున్నాడు. లావ్రా వచ్చి ఇరవై రెండేళ్ళయినా ఈ ఫ్రాఫ్రా మామకి దగారే వంకరగానే వస్తుంది. తిట్లు మాత్రం స్పష్టంగా వస్తాయి.

"ఏవమ్మా కుక్కతల దొంగా, కుండలో ఏం కలిపావివాళ? మీ వాళ్ళు కాళ్ళు కడుక్కున్న నీళ్ళా?"

"తాగి చావు. నువ్వు చస్తే నీ శవాన్ని నా వాకిట్లో అడ్డంగా పడుకోబెట్టి, మీ వాళ్ళు మేకని తోలుకొచ్చేదాకా పూడ్చనివ్వను" అంది అమ్మ, సొరబుర్ర నింపుతూ.

"నేనెందుకు చస్తాను? వచ్చే సంతకి మీ దగాబా తలలన్నీ నరికి, కర్రలకి గుచ్చి, వరసగా పట్టుకుపోతాను. నీ తల ముందు వరసలో పెడతాను."

"ముందు వరసేనా? అయితే సరే. వెనకైతే ఒప్పుకోను."

బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. అయామ్గా మామ అందరికంటే ఆలస్యంగా నవ్వుతాడు. ముందు మొహం గట్టిగా బిగిస్తాడు, కనుబొమలు ముడేస్తాడు, మనిషి నిజంగా నరికేటట్టే ఉంటాడు. ఆ తర్వాత పొట్టలోంచి నవ్వు బయల్దేరుతుంది.

నాన్న పోయినప్పుడు శవాన్ని పందిట్లో కూర్చోబెట్టి జైలోఫోన్ వాయిస్తుంటే, పరాచికాల చుట్టం హక్కుతో ఈయన నాన్న టోపీ పెట్టుకుని నాన్నలాగే దగ్గుతూ, "పీటో తెండర్రా, పైకి పోయే దారిలో కొట్లు లేవు" అని శవం ముందు తిరిగాడు. మూడు రోజులుగా మాట్లాడని అమ్మ అప్పుడు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చింది.

నా ఫోన్‌లో రికార్డింగు నడుస్తూనే ఉంది. జనం వెళ్ళాక విన్నాను. నరుకుతాను. చంపుతాను. తగలబెడతాను. ఒక్క మధ్యాహ్నంలో.

ఫిబ్రవరి 7

అడిగాను. ఆ మాటలు కేంద్రానికి ఇవ్వచ్చా అంటే అయామ్గా మామ సరేనన్నాడు. ఒప్పుకోలు కాగితం చదివి వినిపించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా గొంతు ఆ తెల్లవాళ్ళ పెట్టెలో ఉంటుందా? ఉండనీవే. దగాబాల్ని ఎలా తిట్టాలో అది కూడా నేర్చుకుంటుంది." నూనె అంటిన వేలితోనే ముద్ర వేశాడు. కాగితం మీద నల్లటి పువ్వులా పడింది.

ఫిబ్రవరి 12

లమీసీ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఇది పరాచికం. బెదిరింపు కాదు."

"మాటలేంటి? 'నీ తల నరుకుతాను.' మాటల్ని బట్టి చూడమన్నారు."

"నవ్వు ఏది?"

"ఏడో సెకన్లో ఉంది."

ముక్క మళ్ళీ వేసి విన్నాం. అయామ్గా మామ ఆలస్యంగా నవ్వుతాడు కదా. కోసిన ముక్క ఎప్పుడూ ఆ బిగించిన మొహం దగ్గరే ఆగిపోతుంది.

"మెషీన్‌కి ముందు మాటలు రావాలి. పరాచికాల సంగతి తర్వాత నేర్పుకోవచ్చు. ఇప్పుడు సంఖ్య రాకపోతే అసలు మన భాషలే ఉండవు" అన్నాను. చక్కగా చెప్పాననే అనిపించింది. పక్కన వ్యాఖ్య రాసే గడి ఉంది. ప్రతి ముక్కకీ అందులో 'పరాచికం, కోపం లేదు' అని రాస్తానన్నాను.

లమీసీ చాలాసేపటికి గుర్తు పెట్టింది. "నీలాంటి దొంగబుద్ధి దగాబాలకే వస్తుందే" అంది. నవ్వుతూనే అంది.

ఫిబ్రవరి 19

వ్యాఖ్య గడి తీసేశారు. నాలుగు దేశాల దగ్గరా ఒకే నమూనా ఉండాలట, అందులో వ్యాఖ్యలకి చోటు లేదట. అప్పటికి నూట పన్నెండు ముక్కలకి రాశాను. రాశాను కదా.

మార్చి 6

రెండు వేలు పూర్తయ్యాయి. అందులో దాదాపు వెయ్యి పరాచికాలే, ఎక్కువ అయామ్గా మామవి, కొన్ని అమ్మవి. బ్రిగిట్ తెర మీంచి నా పేరు పెట్టి పిలిచింది. క్లోతిల్డా అని ముచ్చటగా, ఒక్కో అక్షరం విడదీసి. ఇంత తక్కువ కాలంలో ఇంత చిన్న ఊరు ఇంత చేసిందంటే ఇదే అసలైన భాగస్వామ్యం అంది. అసియెడు గారు నా భుజం తట్టి, సెప్టెంబరు జాబితాలో మొదటి పేరు నాదేనని చెవిలో చెప్పాడు.

మార్చి 7

అయామ్గా మామకి కొత్త గాలిపంపు కొనిచ్చాను. ఊరికే.

ఏప్రిల్ 11

శనివారం. ఇవాళ్టి నుంచి మెషీన్ రేడియో వింటోంది.

శనివారం పొద్దున రేడియోలో పరాచికాల గంట. ఫ్రాఫ్రాలు దగాబాల్నీ, దగాబాలు ఫ్రాఫ్రాల్నీ ఫోన్ చేసి ఉతికి ఆరేస్తారు. ఇంట్లో అమ్మ వంటింట్లో వింటూ ఉంది. రెండో ఫోన్ అయామ్గా మామది. వచ్చే సంతరోజున లావ్రాలో ఒక్క దగాబా తల మెడ మీద మిగలదనీ, సంచులు సిద్ధం చేశాననీ, మూడు సైకిళ్ళు పురమాయించాననీ. రేడియో కుర్రాడు "సైకిళ్ళకి గాలుందా?" అన్నాడు. అమ్మ గరిట పట్టుకుని వాకిట్లోకి వచ్చి రోడ్డుకి అవతలున్న అతని కొట్టు వైపు కేకేసింది: "నా తలకి సంచి చాలదురా, బస్తా తెచ్చుకో."

ఎంత నవ్వామో.

ఏప్రిల్ 13

ఎర్ర జాబితా వచ్చింది. మెషీన్ ఎవరి గొంతుని ప్రమాదం అనుకుంటుందో వాళ్ళ ఫోన్ నంబర్లు. మొదటిది ఎవరి నంబరో నాకు కంఠతా వచ్చు. సైకిల్ పంక్చరైనప్పుడల్లా చేసే నంబరే.

"అతని గొంతునే కదా మనం దానికి నేర్పింది" అంది లమీసీ మెల్లగా. "అతను నోరు తెరిస్తే చాలు, అది లేచి కూర్చుంటుంది."

జాబితా పైవాళ్ళకి వెళ్ళేముందు మనుషులెవరో చూస్తారని అన్నాను.

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

ఏప్రిల్ 14

ఎవరో ఒకరు చూసే ఉంటారు.

ఏప్రిల్ 17

ఇవాళ మధ్యాహ్నం అయామ్గా మామని తీసుకుపోయారు.

నలుగురు వచ్చారు, తుపాకులతో. సంత జోరు మీదుంది, బల్లలు నిండుగా ఉన్నాయి. "అయామ్గా ఎవరు?" అని వాళ్ళ అధికారి ఇంగ్లీషులో అడిగాడు.

అమ్మ ఇదేదో పరాచికమనుకుంది. ఫ్రాఫ్రాలు ఎవరినో పట్టుకొచ్చి యూనిఫాం వేయించి ఆడిస్తున్నారనుకుంది. పోయినేడు ఒక చావులో మన వాళ్ళే అయామ్గా మామని తాడుతో కట్టి, వాళ్ళవాళ్ళు పీటో ఇచ్చేదాకా విప్పలేదు.

"ఇతనే నాయనా. తీసుకుపోండి. మా పీడ విరగడవుతుంది" అంది.

"మిమ్మల్ని బెదిరించాడా?"

"రోజూ. మా తలలు నరికి కర్రలకి గుచ్చుతానంటాడు. నా తల ముందు వరసలోనట."

బల్లల మీంచి అందరూ అందుకున్నారు. అవును, నా తల కూడా. నా తల రెండో వరసలో. మా ఆవిడ తల వద్దన్నాడు, అందుకు కూడా కేసు పెట్టండి. పక్కనున్న ఎవరో అదంతా ఆయనకి ఇంగ్లీషులో చెప్పారు. ఆయన రాసుకున్నాడు. అమ్మ పేరు అడిగాడు. అమ్మ నవ్వుతూ చెప్పి, నవ్వుతూ సంతకం పెట్టింది.

అయామ్గా మామ రెండు చేతులూ ముందుకి చాపాడు. "కట్టండి, కట్టండి. ఈ దగాబాల కల్లు తాగే బాధ తప్పుతుంది." మొహం బిగించాడు, కనుబొమలు ముడేశాడు. బండి ఎక్కించేటప్పుడు ఒకడు తుపాకి మడమతో వీపులో పొడిచాడు. ఆ తర్వాత అతని నవ్వు బయటికి రాలేదు.

బండి మలుపు తిరిగాక కూడా మావాళ్ళు కాసేపు నవ్వుతూనే ఉన్నారు.

ఏప్రిల్ 18

రాలేదు.

ఏప్రిల్ 19

అతని కొట్టు ముందు ముగ్గురు సైకిళ్ళతో నిలబడి చూసి వెళ్ళిపోయారు. అమ్మ అతని సొరబుర్ర కడిగి మేకుకి తగిలించింది. సాయంత్రం మళ్ళీ తీసి కడిగింది.

ఏప్రిల్ 24

అమ్మ పీటో కుండ నెత్తిన పెట్టుకుని ఆ అధికారి దగ్గరికి వెళ్ళింది. పరాచికాల చుట్టాన్ని కట్టేస్తే పీటో ఇచ్చి విడిపించుకోవడం మన పద్ధతి. ఇంకా అలాగే అనుకుంటోందో, అలా అనుకోకపోతే నిలబడలేననుకుందో.

వచ్చాక గుమ్మంలోనే కూర్చుంది.

"నేను పెట్టిన సంతకం చూపించాడు క్లోతీ. 'నువ్వే కదమ్మా చంపుతానన్నాడని చెప్పావు' అన్నాడు. అది నవ్వులాటకి అన్నానని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. భయపెట్టి మాట మార్పించారా అని అడిగాడు. ఎవరు భయపెట్టారో పేరు చెప్పమన్నాడు."

"కుండేదీ?"

"వాసన చూసి బయట పెట్టించాడు." తర్వాత అడిగింది: "అసలు రేడియోలో అతనన్న మాట వాళ్ళకెలా తెలిసింది? వాళ్ళకి మన భాష రాదు కదా."

పొయ్యి కింద కట్టెలు సర్దాను. అవి సరిగ్గానే ఉన్నాయి.

ఏప్రిల్ 29

కేంద్రానికి కాగితం వచ్చింది. భాష తెలిసినవాళ్ళు అయామ్గా మాటల్ని అనువదించి ధ్రువీకరించాలట. అసియెడు గారు తలుపు వేసి నన్ను కూర్చోబెట్టాడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఇది. రెండోది సెప్టెంబరు ఉత్తరం, నా పేరుతో. కావాలనే పెట్టాడని అనను. బల్ల చిన్నది.

"నీ అభిప్రాయం ఎవరూ అడగలేదమ్మా. మాటకి మాట రాస్తే చాలు. మిగతాది చూసుకునేవాళ్ళు ఉన్నారు."

మాటకి మాట రాశాను. ఒక్క తప్పు లేదు.

ఏప్రిల్ 30

ఒక్క తప్పు లేదు.

మే 5

మొదటి వాన. షియా చెట్ల కాయలు రాలుతున్నాయి. లమీసీ గిన్నె తెచ్చుకోలేదు, నాదాంట్లో పెట్టాను. తింది. గోడమట్టి అని వెక్కిరించలేదు. మధ్యలో ఆగి, "మావాళ్ళు శనివారం రేడియోకి ఫోన్ చెయ్యద్దనుకున్నారు" అంది.

మే 12

కొత్త ఎర్ర జాబితా. నాలుగోది అమ్మ నంబరు. అయామ్గా మామని వదలమని మొన్న శనివారం రేడియోకి ఫోన్ చేసింది.

శవాన్ని వాకిట్లో పెట్టి పూడ్చనివ్వను. ఆ ముక్క నాకు తెలుసు. గుర్తు పెట్టింది నేనే, రెండో గుర్తు లమీసీది.

ఉత్తరం గంటలో రాశాను. రెండు వేలలో దాదాపు వెయ్యి ముక్కలు పరాచికాలనీ, తెలిసి బెదిరింపు గడిలో వేసింది నేనేననీ, నవ్వు ఏడో సెకన్లో ఉందనీ, పూర్తి రికార్డింగులు నా దగ్గర ఉన్నాయనీ. అసియెడు గారికి, బ్రిగిట్‌కి, ఆ అధికారికి. గంట పట్టింది. ఇరవై ఐదు రోజులుగా అయామ్గా మామ కోసం కూడగట్టుకోలేని ధైర్యం గంటలో ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు, ఇక్కడైనా దాచకూడదు కాబట్టి రాస్తున్నాను.

ఇంకొకటి కూడా. ఆ రోజు పక్కనున్న ఎవరో ఇంగ్లీషులో చెప్పారని రాశాను. ఆ ఎవరో నేనే. సొరబుర్రలు కడుగుతున్నాను. అధికారి నా వైపు చూసి "ఆవిడేమంటోంది?" అన్నాడు. చేతులు తుడుచుకుని చెప్పాను. మాటకి మాట. అందరూ నవ్వుతున్నారని మాత్రం చెప్పలేదు. ఆయనకి కళ్ళున్నాయి కదా అనుకున్నాను.

మే 15

తెర మీద నాలుగు దేశాలూ కూర్చున్నాయి. ఎవరూ కోప్పడలేదు. బ్రిగిట్, ఇది చాలా విలువైన సంగతనీ, చెప్పినందుకు కృతజ్ఞతలనీ, వచ్చే ఏడాది నమూనాలో పరాచికాలకి ఒక గడి పెట్టే ఆలోచన చేస్తామనీ చెప్పింది.

"అప్పటిదాకా ఆపేస్తారా?" అన్నాను.

ఆపడానికి నాలుగు దేశాలూ సంతకాలు చెయ్యాలట. సమావేశం నవంబరులోనట.

అసియెడు గారు నన్ను గుమ్మందాకా సాగనంపాడు. "నువ్వు అబద్ధం చెప్పలేదు. అది నాకు తెలుసు. కానీ పదమూడు మంది పిల్లల పని మీద బురద పడింది. మన చేతికి ఒకసారి ఇచ్చారు, మళ్ళీ ఇస్తారా?" ఆయన నటించడం లేదు. అదే కష్టంగా ఉంది.

సెప్టెంబరు ఉత్తరం బల్ల మీద లేదు.

అమ్మకి అన్నీ చెప్పాను. విన్నది. "నా గొంతు కూడానా?" అని ఒక్కటే అడిగింది.

మే 27

అయామ్గా మామని వదిలారు, నా ఉత్తరం చూసో మరెందుకో ఎవరూ చెప్పలేదు. నలభై రోజులు.

మధ్యాహ్నానికి కబురు తెలిసింది. అమ్మ కొత్త కుండ దించింది, అతని బల్ల తుడిచింది. లోపల్లోపల ఏవో మాటలు కట్టుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి. నాలుగు గంటలకి వచ్చాడు. చొక్కా భుజాల మీంచి వేలాడుతోంది. ఎడమ చేతి రెండు వేళ్ళకి గుడ్డ చుట్టి ఉంది.

"వచ్చావా కుక్కతల దొంగా? వాళ్ళు కూడా నిన్ను భరించలేకపోయారా?" అంది అమ్మ, బల్లలన్నిటికీ వినపడేలా.

"నమస్కారం తల్లీ. ఇంట్లో అందరూ క్షేమమేనా?"

ఎవరూ నవ్వలేదు. అమ్మ మళ్ళీ ఎత్తుకుంది. "నీ శవం కోసం వాకిలి ఊడ్చి పెట్టాను. ఎన్నాళ్ళు ఎదురుచూడాలి నేను? చావు కూడా సరిగ్గా చేతకాని జాతి." తిడుతున్నట్టు లేదు, గడ్డం పట్టుకుని బతిమాలుతున్నట్టుంది.

"మీ మంచి మనసు నాకు తెలుసు తల్లీ" అన్నాడు. సగం తాగాడు. సొరబుర్రని రెండు చేతులతో జాగ్రత్తగా కింద పెట్టాడు. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి." నా ముందునుంచి వెళ్తూ తల వంచి నాక్కూడా నమస్కారం చేశాడు.

అతను రోడ్డు దాటేదాకా అమ్మ చూసింది. తర్వాత మిగిలిన సగం నేల మీద పారబోసింది, చనిపోయినవాళ్ళకి పోసినట్టు.

జూన్ 9

లమీసీ చెప్పింది. నేను కేంద్రానికి వెళ్ళడం మానేసి మూడు వారాలయింది. లావ్రా ఎర్ర జాబితా ఖాళీ అట. ఒక్క నంబరు కూడా లేదట. తెర మీద చప్పట్లు కొట్టారట. ఈ పద్ధతిని ఇంకో ఐదు దేశాలకి తీసుకెళ్తున్నారు, నేర్పడానికి మనవాళ్ళే వెళ్తారు. సెప్టెంబరు ముగ్గురిలో లమీసీ ఉంది.

"నీ చోటే ఇచ్చారు" అంది. నేను తిట్టాలని ఎదురుచూస్తూ నిలబడింది. నా చోటు దొంగిలించావే ఫ్రాఫ్రాదానా, అనాలి. చుట్టూ చూశాను. చెట్టు కింద ఎవరో ఫోన్ పట్టుకుని కూర్చున్నారు.

"జాగ్రత్తగా వెళ్ళి రా" అన్నాను.

జూన్ 13

శనివారం గంటలో ఏడుగురు ఫోన్ చేశారు. అందరూ వానల గురించి మాట్లాడారు. అవతలివాళ్ళ ఆరోగ్యం అడిగారు. రేడియో కుర్రాడు పది నిమిషాల ముందే ముగించి పాటలు వేశాడు. ఊళ్ళో గొడవ వినిపిస్తే పరాచికమో నిజమో ఇదివరకు గోడ అవతలినుంచే తెలిసేది. నిన్న సంతలో పొలం గట్టు గురించి ఒక దగాబా, ఒక ఫ్రాఫ్రా చాలా మర్యాదగా మాట్లాడుకుంటున్నారు. ఇద్దరి చేతుల్లోనూ కొడవళ్ళున్నాయి. పనికి తెచ్చుకున్నవే అయ్యుంటాయి. జనం దూరంగా తప్పుకుని వెళ్ళారు.

జూన్ 14

చర్చి నుంచి తిన్నగా అయామ్గా మామ కొట్టుకి వెళ్ళాను. చెప్పాల్సింది చెప్పేద్దామనే. గొలుసు విప్పి చక్రం ముందు కూర్చున్నాడు. ఒక్కడే ఉన్నాడు.

"ఆ కాగితం మీద నీ వేలిముద్ర తీసుకుంది నేనే. నీ మాటలు బెదిరింపు గడిలో వేసింది నేనే. ఆ రోజు ఇంగ్లీషులో చెప్పింది నేనే. తర్వాత రాసిచ్చింది కూడా నేనే" అన్నాను. ఊపిరి తీసుకోకుండా అన్నాను. ఇంకా నిలబడ్డాను. "తిట్టు మామా. ఒక్కసారి తిట్టు."

చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. లేచి వచ్చి, నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు, నెమ్మదిగా, పిల్ల దగ్గర్నుంచి కత్తి తీసుకున్నట్టు. దాన్ని పనిముట్ల ఇనప్పెట్టెలో పెట్టి మూత వేశాడు. మూత మీద ఒక చక్రం పెట్టాడు. రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. తర్వాత చాలా దగ్గరికి వచ్చాడు. పీటో వాసన లేదు.

"నీ తల నరుకుతాను, క్లోతీ."

గుసగుసగా అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట కేకేసి చెప్పేవాడు, ఊరంతటికీ కలిపి చెప్పేవాడు. మొహం బిగించాడు. కనుబొమలు ముడేశాడు.

ఎదురుచూశాను. ఆరు సెకన్లు దాటాయి. పది దాటాయి. అతను నా మొహంలోకే చూస్తున్నాడు. తర్వాత వెళ్ళి చక్రం తీసి, మూత తెరిచి, ఫోన్ నా చేతిలో పెట్టి, గొలుసుకి నూనె వెయ్యడానికి కూర్చున్నాడు.

అమ్మకి ఇది చెప్పలేదు. అతను నవ్వేవాడే, ఎవరో వస్తున్నట్టు చప్పుడైంది, అందుకే ఆగిపోయి ఉంటాడు.

ఎవరూ రాలేదు.

ఇప్పుడు రెండు గంటలయింది, బయట ఎండ పేలిపోతోంది. తలుపు గడియ వేసి రాస్తున్నాను. పగటిపూట మా ఇంటి తలుపు గడియ వెయ్యడం ఇదే మొదటిసారి. తుప్పు పట్టిపోయి ఉంది, రాయితో కొడితే గానీ పడలేదు.